సహాయ కచేరీ పెట్టడం ఎలా? ఆగిపోయిన సంగీతాన్ని మళ్ళీ మొదలుపెట్టడం ఎలా?

ఎవరికో ఆపరేషన్‌కు డబ్బు కావాలి. లేదా వరదలో గ్రంథాలయం తడిసిపోయింది. లేదా పిల్లలకు సంగీతం నేర్పే బడి మూతపడేలా ఉంది. నలుగురు కూర్చున్న చోట ఎవరో ఒకరు "ఒక కచేరీ పెడదామా?" అంటారు. అక్కణ్ణుంచి రెండు నెలలు నిద్ర ఉండదు. ఆ రాత్రి హాలు నిండుతుంది, హుండీ నిండుతుంది, ఫొటోలు దిగుతారు. ఆరు నెలలు తిరిగేసరికి పాడినవాళ్ళు మళ్ళీ ఎవరి ఇంట్లో వాళ్ళు ఒంటరిగా పాడుకుంటూ ఉంటారు.

నేను స్టేజీ మీద కంటే స్టేజీ వెనక ఎక్కువ రాత్రులు గడిపినవాణ్ణి. కేబుళ్ళు చుట్టాను, గేటు దగ్గర టికెట్లు చింపాను, లెక్కల పుస్తకం రాశాను. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఇది: సహాయ కచేరీకి నలుగురినీ ఒకచోటికి చేర్చే శక్తి ఉంది, ఆ శక్తిని ఒక్క రాత్రికే ఖర్చు చేసేస్తున్నాం. అందుకే ఈ మార్గదర్శిలో రెండు పనులూ కలిపే చెబుతున్నాను. మొదటి కచేరీ పోస్టరు అచ్చుకు వెళ్ళకముందే రెండో కార్యక్రమం తేదీ ఖాయం చేసుకోండి. అది పది మంది కూర్చునే చిన్న కార్యక్రమమైనా సరే.

మొదటి అడుగు: ఎవరికి, ఎంత, ఎవరి చేతికి

"పేదల సహాయార్థం" అని పోస్టరు వేస్తే ఎవరికీ ఏమీ తోచదు. "ఫలానా గ్రంథాలయానికి 400 పుస్తకాలు, 6 బీరువాలు" అంటే చదివినవాడి మనసులో ఒక లెక్క పడుతుంది, నా టికెట్టు ఒక పుస్తకమవుతుందని. ఇది కొత్త సంగతి కాదు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో హాండెల్ అనే స్వరకర్త తన కొత్త ఒరటోరియోను (గాయకులు, వాద్యబృందం కలిసి వినిపించే పెద్ద సంగీత రచనను) మొదటిసారి వినిపించినప్పుడు, వచ్చిన సొమ్ము మూడు పనులకని ముందే ప్రకటించారు: ఒక ఆసుపత్రికి, ఒక ధర్మ వైద్యశాలకు, అప్పులు తీర్చలేక జైల్లో ఉన్నవాళ్ళ విడుదలకు. ఆ కచేరీ వల్ల 142 మంది జైలు నుంచి బయటికి వచ్చారు. దాదాపు మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ అంకె చెప్పుకుంటున్నామంటే లక్ష్యం అంత స్పష్టంగా ఉండటం వల్లే.

రెండోది, డబ్బు నడిచే దారి. ఈ పని విసుగ్గానే ఉంటుంది కానీ దీన్ని చివరికి వదిలేయకూడదు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సితార్ విద్వాంసుడు రవిశంకర్, బీటిల్స్ బృందపు గిటారిస్టు జార్జ్ హారిసన్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఒకే రోజు రెండు ప్రదర్శనలు ఇచ్చారు. దాదాపు 40,000 మంది వచ్చారు. టికెట్ల సొమ్ము సుమారు 2,43,000 డాలర్లు యునిసెఫ్‌కు వెళ్ళింది. ఆ తర్వాత ఆల్బమ్, సినిమా ద్వారా వచ్చిన పెద్ద మొత్తాలు మాత్రం పన్నుల చిక్కులో పడి ఏళ్ళ తరబడి ఆగిపోయాయి. కచేరీకి ముందే దాన్ని సేవా కార్యక్రమంగా పద్ధతి ప్రకారం నమోదు చేయకపోవడమే కారణం. అంతటి వాళ్ళకే తప్పలేదు.

కాబట్టి మొదటి వారంలోనే ఒక అకౌంటెంట్ దగ్గర గంటసేపు కూర్చోండి. మీకు రిజిస్టరైన సంస్థ లేకపోతే, ఉన్న ఒక సంస్థను కలుపుకుని డబ్బు నేరుగా వాళ్ళ ఖాతాకే వెళ్ళేలా రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. ఏ ఒక్కరి సొంత ఖాతాలోకీ సొమ్ము వెళ్ళకూడదు, ఆ ఒక్కరు ఎంత నమ్మకస్తులైనా. ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు తీయగలిగే ఖాతా పెట్టండి. సహాయం ఒక రోగి కోసమైతే చెల్లింపు నేరుగా ఆసుపత్రి బిల్లుకే జరగాలి.

ఒక మాట మరిచిపోతుంటాం. సహాయం అందుకునే కుటుంబాన్ని అడగాలి. పేరు వేయవచ్చా, ఫొటో వేయవచ్చా, స్టేజీ మీదికి పిలవడం వాళ్ళకు ఇష్టమేనా? ఒకసారి మేము అడగకుండానే పిల్లవాడి ఫొటోతో పోస్టరు డిజైన్ చేయించాం. వాళ్ళమ్మ చూసి ఏమీ అనలేదు, పోస్టరు వంక చూస్తూ ఉండిపోయింది. అచ్చుకు వెళ్ళకముందే తీసేశాం కాబట్టి సరిపోయింది.

రెండో అడుగు: పాడేవాళ్ళను వెతకడం

"మా దగ్గర కళాకారులెవరూ లేరు" అనే మాట నేను నమ్మను. ఫ్రాన్స్‌లో 1982లో సాంస్కృతిక శాఖ జరిపించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, దేశంలో దాదాపు 50 లక్షల మంది ఏదో ఒక వాద్యం వాయిస్తారు. వాళ్ళలో చాలామంది గదుల్లోనే వాయిస్తున్నారు, బయట ఎవరికీ వినపడటం లేదు. అందరినీ వీధుల్లోకి పిలుద్దామని అదే ఏడాది జూన్ 21న సంగీత దినం మొదలుపెట్టారు. ఇప్పుడది వందకు పైగా దేశాల్లో జరుగుతోంది. వాయించేవాళ్ళు అప్పటికే ఉన్నారు, పిలిచేవాళ్ళే లేరు.

కచేరీ ప్లాను వేయకముందు రెండు వారాలు ఈ వెతుకులాటకే పెట్టండి. సంగీతం మాస్టార్లను, వాద్యాలు బాగుచేసేవాళ్ళను, ప్రార్థనా మందిరాల్లో పాడే బృందాలను, కాలేజీ బ్యాండ్లను కలవండి. ఫోన్‌లో పాటలు రికార్డు చేసి పెట్టే పిల్లల్ని వదలకండి. వీళ్ళందరికంటే ముఖ్యం, ఒకప్పుడు వాయించి మానేసినవాళ్ళు. ఒక నోటు పుస్తకంలో పేరు, వాద్యం, సొంత వాద్యం ఉందా లేదా, ఎంతసేపు వాయించగలరు, ఏ రోజుల్లో ఖాళీ అనేవి రాసుకోండి. చివర ఇంకో గడి పెట్టండి: ఎందుకు మానేశారు? పెళ్ళి, ఉద్యోగం, రిహార్సల్‌కు చోటు లేకపోవడం, పక్కింటివాళ్ళ గొడవ... ఇలా రకరకాలుగా చెబుతారు. నాకు అన్నిటికంటే ఎక్కువసార్లు వినిపించిన జవాబు "ఎవరూ పిలవలేదండీ". ఈ గడిలో పడినవన్నీ కచేరీ తర్వాత మీరు చేయాల్సిన పనుల జాబితా. పుస్తకం జాగ్రత్త.

మూడో అడుగు: పని పంచుకోవడం

అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేదెవరు? ఇరవై మంది కమిటీ కంటే ఐదుగురు పని చేసేవాళ్ళు మేలు. డబ్బు ఒకరు, కళాకారులతో మాటలు ఒకరు, హాలూ అనుమతులూ ఒకరు, ప్రచారం ఒకరు, ఆ రోజు నడిపించేది ఒకరు. చివరి మనిషి ఆ సాయంత్రం పాడకూడదు, మైకు పట్టుకోకూడదు, అతిథులతో ఫొటోలు దిగకూడదు. ఒక్కొక్కరి పక్కన ఇప్పటిదాకా ఈ పని చేయని కుర్రవాణ్ణో అమ్మాయినో పెట్టండి. రెండో ఏడాది మీకు ఓపిక లేనప్పుడు ఆ కొత్త ఐదుగురే పని నడిపిస్తారు.

నాలుగో అడుగు: తేదీ, హాలు, అనుమతులు

కనీసం ఎనిమిది వారాల సమయం పెట్టుకోండి. పరీక్షలు, పెద్ద పండగలు, పెద్ద మ్యాచ్ ఉన్న రోజులు వదిలేయండి.

హాలు విషయంలో నాది మొండి అభిప్రాయం. 500 మంది పట్టే హాల్లో 200 మంది కూర్చుంటే అది ఓడిపోయిన కచేరీ. అదే 200 మంది 200 కుర్చీల హాలుకు వస్తే ఊరంతా చెప్పుకునే కచేరీ. చిన్నదే తీసుకోండి. అంతేగానీ ఇరికించకండి. పైన చెప్పిన డబ్లిన్ కచేరీలో 600 మంది పట్టే హాల్లో 700 మందిని కూర్చోబెట్టడానికి, ఆడవాళ్ళను చట్రాల గౌన్లు వేసుకుని రావద్దని, మగవాళ్ళను కత్తులు తీసుకురావద్దని పత్రికలో వేడుకున్నారు. కథగా బాగుంటుంది కానీ ఇప్పుడు అలా చేయకూడదు. హాలు సామర్థ్యం అని రాసి ఉన్న అంకె మంటలొస్తే ఎంతమంది బయటపడగలరన్న లెక్క.

హాలు చూడటానికి వెళ్ళినప్పుడు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. ఆ శబ్దం గోడల మధ్య తిరుగుతూ చాలాసేపు ఉంటే అక్కడ డ్రమ్ముల బృందం గందరగోళంగా వినిపిస్తుంది. ఒంటరి గొంతుకు మాత్రం బాగుంటుంది. తర్వాత సామాను దించే తలుపు ఎంత వెడల్పుంది, చక్రాల కుర్చీ లోపలికి వస్తుందా, మరుగుదొడ్లెన్ని, ఎన్ని గంటలకు ఖాళీ చేయాలి అనేవి చూసుకోండి. అత్యవసర ద్వారాలు తెరిచి చూడండి. "ఉన్నాయి సార్" అంటే నమ్మకండి, చేత్తో తోసి చూడండి. తాళం వేసి, వెనక పాత కుర్చీలు పేర్చిన అత్యవసర ద్వారాలు నేను రెండుసార్లు చూశాను.

పోలీసు, అగ్నిమాపక, స్థానిక సంస్థ అనుమతులు, శబ్దానికి గడువు వేళ ఎక్కడికక్కడ వేరు. అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. ఇతరులు రాసిన పాటలు బహిరంగంగా పాడితే హక్కుల సంస్థకు లైసెన్స్ రుసుము కట్టాల్సి రావచ్చు. సేవా కార్యక్రమం కదా అని ఇది దానంతటదే మాఫీ కాదు. ఈ పద్ధతి వెనక ఒక సరదా గొడవ ఉంది. 1847లో పారిస్‌లో ఎర్నెస్ట్ బూర్జే అనే స్వరకర్త ఒక కఫేలో కూర్చుని ఉండగా అక్కడ తన సంగీతమే వాయిస్తున్నారు. "నా పాటకు మీరు డబ్బివ్వడం లేదు, నేను తాగినదానికి నేనెందుకివ్వాలి?" అని బిల్లు కట్టనన్నాడట. గొడవ కోర్టుకెక్కింది, ఆయన గెలిచాడు. దాని ఫలితంగా 1851లో రచయితల, స్వరకర్తల హక్కుల సంస్థ ఫ్రాన్స్‌లో పుట్టింది.

ఐదో అడుగు: డబ్బు లెక్క

ముందు ఖర్చులు రాయండి: హాలు, సౌండు, లైట్లు, కరెంటు, అనుమతులు, బీమా, ప్రచారం, కళాకారుల ప్రయాణం. మొత్తానికి పదో వంతు అనుకోని ఖర్చు కింద కలపండి. ఈ మొత్తాన్ని మీరు అనుకుంటున్న జనంతో కాదు, అందులో సగంతో భాగించండి. వచ్చిన అంకె కంటే టికెట్ ధర తక్కువగా ఉంటే మీరు సాయం చేయడానికి బదులు అప్పు చేయబోతున్నారు. ఉదాహరణకు ఖర్చు 100 పాళ్ళు, 200 మంది వస్తారని ఆశ. అయితే 100 మందికే లెక్క కట్టండి. టికెట్ కనీసం ఒక పాలు ఉంటేగానీ నష్టం తప్పదు. 200 మందీ వస్తే ఖర్చుపోగా 100 పాళ్ళు సహాయానికి.

సగమే ఎందుకంటే, "తప్పకుండా వస్తాం" అనేది మర్యాద మాట. ఉచిత పాసుల సంగతి ఇంకా అన్యాయం, డబ్బు పెట్టనివాడికి వాన చినుకు చాలు ఆగిపోవడానికి.

ఇంతకంటే బలమైన పద్ధతి ఇంకొకటి ఉంది. ఖర్చులన్నీ స్పాన్సర్ల చేత పెట్టించండి. అప్పుడు "మీ టికెట్ సొమ్ము మొత్తం సహాయానికే" అని పోస్టరు మీద వేయవచ్చు. ఆ ఒక్క వాక్యం అమ్మినన్ని టికెట్లు ఏ సెలబ్రిటీ ఫొటో అమ్మదు. స్పాన్సర్‌ను "డబ్బివ్వండి" అనకుండా "హాలు అద్దె మీరు చూసుకోండి", "పోస్టర్ల అచ్చు మీరు చూసుకోండి" అని ఒక్కో పని అప్పజెబితే త్వరగా ఒప్పుకుంటారు. స్పాన్సర్ లేని ఖర్చులను వసూళ్ళలోంచి తీస్తున్నట్లయితే ఆ సంగతీ దాచకండి. వచ్చిన మొత్తం వేరు, మిగిలే మొత్తం వేరు. చాలా గొడవలు ఈ రెండు అంకెలనూ ఒకటిగా చెప్పడంలోనే పుడతాయి.

ఇక కళాకారుల పారితోషికం. "మంచి పనికి కదా, ఉచితంగా వాయించండి" అని అడిగేముందు ఆలోచించండి. సౌండ్‌వాళ్ళకు ఇస్తున్నారు, కుర్చీలవాళ్ళకు ఇస్తున్నారు. వాయించేవాళ్ళు మాత్రమే త్యాగం చేయాలా? మేము పాటిస్తున్నది ఇది: ప్రయాణ ఖర్చు అందరికీ ఇస్తాం. పారితోషికం ఒక కవర్లో పెట్టి ఇస్తాం. తిరిగి విరాళంగా ఇచ్చేవాళ్ళు ఇస్తారు, వాళ్ళ పేర రసీదు రాస్తాం. చాలామంది ఇచ్చేస్తారు, కొందరు ఉంచుకుంటారు. ఉంచుకున్నవాళ్ళ గురించి ఎక్కడా మాట రాకూడదు. "మీకు పేరొస్తుంది" అనే మాట అసలు నోట రాకూడదు.

ఆరో అడుగు: ఎవరు, ఏ వరసలో, ఎంతసేపు

నా మొదటి సహాయ కచేరీలో పదకొండు బృందాలు. ఎవరినీ కాదనలేకపోయాం. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలన్నాం, ఒక్కరూ ఆగలేదు. చివరి బృందం వయొలిన్లు తీసేసరికి హాలులో మిగిలింది వాళ్ళ ఇంటివాళ్ళు, వాచ్‌మన్. ఆ వయొలిన్ ఆయన తర్వాత నాలుగేళ్ళు మా ఫోన్ ఎత్తలేదు.

మూడు గంటలంటే 180 నిమిషాలు. ఆరు బృందాలు, ఒక్కొక్కరికి 20 నిమిషాలు వేస్తే 120. మధ్యలో ఐదు మార్పులు, ఒక్కోటి 8 నిమిషాల చొప్పున 40. స్వాగతం, విరాళాల పిలుపు, వందన సమర్పణ కలిపి 10. మిగిలేది పదే నిమిషాలు, అది ఆలస్యాలకు. ఏడో బృందానికి చోటు లేదు. ఎనిమిది నిమిషాల్లో మార్పు జరగాలంటే డ్రమ్ములు, ఆంప్లిఫయర్లు అందరికీ ఉమ్మడివి ఉండాలి, మధ్యలో తెర ముందు ఒంటరి గాయకులెవరైనా ఒక పాట పాడాలి. 1985 జులై 13న ఇథియోపియా కరువు బాధితుల కోసం జరిగిన లైవ్ ఎయిడ్ అనే పెద్ద కచేరీకి తిరిగే వేదిక కట్టారు. ఒక భాగం మీద ఒకరు పాడుతుంటే వెనక ఇంకొకరి సామాను సర్దేవారు. మనకు తిరిగే వేదిక అక్కర్లేదు, గడియారం చాలు. పాడేవాళ్ళకు కనిపించేలా స్టేజీ ముందు పెద్ద గడియారం పెట్టి, ఐదు నిమిషాలుందనగా పసుపు కార్డు, అయిపోగానే ఎర్ర కార్డు చూపించండి. ఈ సంగతి అందరికీ ముందే చెప్పండి. పెద్దవాళ్ళకు ఇంకొంచెం గౌరవంగా చెప్పండి, కానీ వాళ్ళకూ చెప్పండి.

శ్రుతి చేసుకునే సమయం కూడా లెక్కలో వేయండి. న్యూయార్క్ కచేరీలో రవిశంకర్ బృందం వాద్యాలు శ్రుతి చేసుకోగానే జనం చప్పట్లు కొట్టారు. శ్రుతి చేసుకోవడమే ఇంతగా నచ్చితే వాయించడం ఇంకా నచ్చుతుందని ఆశిస్తానని ఆయన నవ్వుతూ అన్నారు. తీగల వాద్యాలున్నవాళ్ళకు వెనక నిశ్శబ్దంగా ఉండే ఒక గది ఇవ్వండి.

వరస విషయంలో తెలుసుకోవాల్సింది, ప్రతి బృందానికీ సొంత జనం ఉంటారు, తమవాళ్ళు దిగగానే లేచిపోతారు. దీనికి మందు కలపడమే. మూడో బృందంలో గాయని ఐదో బృందంతో ఒక పాట పాడాలి. రిటైరైన మృదంగం మాస్టారు కాలేజీ బ్యాండుతో ఒక అంశం వాయించాలి. చివర్లో అందరూ కలిసి ఒకటి. దీనికి మూడు రిహార్సళ్ళు కావాలి. కచేరీకి ఇది అలంకారమే, కానీ ఆ రిహార్సళ్ళలో కలిసినవాళ్ళే తర్వాత ఒకరి నంబర్ ఒకరు దాచుకుంటారు. ఆగిపోయిన సంగీతం మళ్ళీ కదలడం నేను చూసింది ఆ గదుల్లోనే, స్టేజీ మీద కాదు.

ఏడో అడుగు: సౌండ్

పాట బాగుండి సౌండ్ బాగాలేకపోతే జనానికి గుర్తుండేది సౌండే. లైవ్ ఎయిడ్‌లోనే పాల్ మెకార్ట్నీ పియానో ముందు కూర్చుని పాడటం మొదలుపెడితే తొలి రెండు నిమిషాలూ మైకు పలకలేదు. అంత పెద్ద ఏర్పాటులోనే అలా జరిగింది కాబట్టి మీరు భయపడాల్సిన పని లేదు, కానీ జాగ్రత్త పడాలి.

ప్రతి బృందం దగ్గరా పది రోజుల ముందే ఒక కాగితం తీసుకోండి. ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎన్ని గొంతులు, ఎన్ని వాద్యాలు, దేనికి మైకు, ఏది నేరుగా వైరుతో. వాటన్నిటినీ సౌండ్ ఇంజనీర్‌కు ఇస్తే మైకుల శబ్దాలన్నీ కలిపే మిక్సర్‌లో ఎన్ని చానళ్ళు కావాలో ఆయనే చెబుతాడు. మామూలు డైనమిక్ మైకుకు కరెంటు అక్కర్లేదు, కింద పడినా తట్టుకుంటుంది, గొంతులకు అదే మంచిది. తీగల వాద్యాల సన్నని నాదం పట్టే కండెన్సర్ మైకుకు మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోంచే వెళ్ళే కరెంటు) వెళ్ళాలి. అది ఆన్ చేయడం మరిచి "మైకు పాడైంది" అని పరుగెత్తడం మా దగ్గర ఏటా ఒకసారి జరుగుతుంది. గిటార్, కీబోర్డు లాంటివి పొడుగు వైరుతో నేరుగా కలిపితే గొణుగుడు వస్తుంది, మధ్యలో డీఐ బాక్సు (వాద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టించండి.

మైకు కీచుమనడం ఎందుకంటే, స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులోకే దూరి, పెరిగి, మళ్ళీ స్పీకర్లోకి వెళుతుంది. స్పీకర్లు ఎప్పుడూ మైకుల కంటే ముందు, జనం వైపు ఉండాలి. పాడేవాళ్ళు తమను తాము వినడానికి పెట్టే మానిటర్ మైకు వీపు వైపు ఉండాలి, ఎందుకంటే మామూలు గాత్రపు మైకు వెనక వైపు శబ్దాన్ని తక్కువగా పడుతుంది. మైకు జాలీని పిడికిలితో మూసి పట్టుకుంటే ఆ గుణం పోయి కీచు మొదలవుతుంది. కుర్రవాళ్ళు స్టైల్ కోసం చేసే పని ఇదే. తెరిచి ఉన్న మైకులు రెట్టింపయితే కీచు రాకుండా శబ్దం పెంచుకునే వీలు 3 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తగ్గుతుంది. వాడని మైకులు ఆపేయమని పక్కన ఒకరిని కూర్చోబెట్టండి.

ఆరుబయట దూరం రెట్టింపయ్యేకొద్దీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకని వెనకవాళ్ళకు వినపడాలని ముందువాళ్ళ చెవులు పగలగొట్టకండి. స్పీకర్లు తలల కంటే ఎత్తులో పెట్టి, మధ్యలో ఇంకో జత పెట్టండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు, అంటే మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆ రెండో జతను దూరానికి తగ్గట్టు ఆలస్యం చేయకపోతే ఒక్కో మాట రెండుసార్లు వినిపిస్తుంది. మిక్సర్‌లో దీనికి సెట్టింగ్ ఉంటుంది, ఇంజనీర్‌ను అడగండి. ఎంత గట్టిగా పెట్టాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక ప్రమాణం ఇచ్చింది: 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు. నా వరకు అది చివరి గీత. పిల్లలు, పెద్దవాళ్ళు ఉండే హాల్లో అంతకంటే బాగా కిందనే ఉంచమంటాను.

సౌండ్ చెక్ తలకిందుల వరసలో చేయండి. చివర వాయించేవాళ్ళు ముందు, మొదట వాయించేవాళ్ళు చివర. అప్పుడు తలుపులు తెరిచేసరికి స్టేజీ మీద మొదటి బృందం సామాను సిద్ధంగా ఉంటుంది. ఖాళీ హాల్లో గలగలా మోగిన శబ్దాన్ని జనం నిండాక వాళ్ళ బట్టలు, శరీరాలు కొంత పీల్చుకుంటాయి. ఇంజనీర్ మొదటి పాటలో సర్దుతాడు, కంగారు పడకండి.

కరెంటు దగ్గర మాత్రం కంగారు పడాలి. వోల్టులను ఆంపులతో హెచ్చిస్తే వాట్లు. 230 వోల్టుల దగ్గర 16 ఆంపుల లైను అంటే 3,680 వాట్లు, అందులో 80 శాతం దాటించకండి. సౌండుకు ఒక లైను, లైట్లకు ఇంకో లైను ఉంటే బుయ్యిమనే శబ్దం చాలావరకు పోతుంది. ఆ శబ్దం పోవడానికి ఎర్త్ పిన్ను తీసేసే తెలివి ఎవరైనా చూపిస్తే వాళ్ళను స్టేజీ దింపేయండి. అది ప్రాణం తీసే పని. జనరేటర్ గాలి ఆడే చోట, కిటికీలకు దూరంగా ఉండాలి.

ఎనిమిదో అడుగు: ప్రచారం

దీని గురించి ఎక్కువ చెప్పను. పోస్టరు మీద ఐదు విషయాలు చాలు: ఎవరి కోసం, ఎప్పుడు, ఎక్కడ, టికెట్ ఎంత, ఎక్కడ కొనాలి. ఎక్కువ టికెట్లు అమ్మేది పోస్టరు కాదు, పాడేవాళ్ళే. ప్రతి కళాకారుడికీ తన రిహార్సల్ వీడియో 30 సెకన్లది తీసి ఇవ్వండి, పంచుకుంటారు. ఆ వీడియో చివర, టికెట్ వెనక, రెండో కార్యక్రమం తేదీ కనిపించాలి.

తొమ్మిదో అడుగు: ఆ రోజు

ఉదయం నుంచి నిమిషాల వారీ కాగితం అందరి జేబులో ఉండాలి. గేటు దగ్గర ఇద్దరుండాలి, నగదు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంతకం చేయాలి. గంటకోసారి సొమ్మును గేటు దగ్గర నుంచి తీసేయండి.

2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక నైట్‌క్లబ్‌లో స్టేజీ మీద కాల్చిన బాణసంచా గోడల ఫోమ్‌కు అంటుకుని 100 మంది చనిపోయారు. చాలామంది తాము వచ్చిన ముందు తలుపు వైపే పరుగెత్తి అక్కడే ఇరుక్కుపోయారు. మనుషులు భయంలో తెలిసిన దారే వెతుక్కుంటారు. అందుకే లోపల నిప్పు వద్దు. వ్యాఖ్యాత మొదటి మాటల్లోనే మిగతా తలుపులు ఎక్కడున్నాయో చేత్తో చూపించాలి. షో ఆపే అధికారం ఎవరిదో ముందే తేల్చండి. ఆ ఒక్కరు ఆపమంటే పాట మధ్యలో ఉన్నా ఆగాలి.

విరాళాల పిలుపు ఒక్కసారే, ఐదు నిమిషాలు మించకుండా, మూడింట రెండు వంతుల కార్యక్రమం అయ్యాక. జనం అప్పటికి సంతోషంగా ఉంటారు, ఇంకా లేవరు. సహాయం దేనికో బాగా తెలిసినవాళ్ళు, ఉపన్యాసం ఇవ్వనివాళ్ళు మాట్లాడాలి. ముఖ్య అతిథికి మైకు ఇస్తే ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు.

పదో అడుగు: లెక్క చెప్పడం

మర్నాడు అందరికీ ఒళ్ళు నొప్పులు. అయినా రెండు వారాల్లోపు జమాఖర్చు బయటపెట్టండి. వచ్చింది ఎంత, దేనికి ఎంత ఖర్చయింది, ఎంత అందజేశారు, ఆ రసీదు కాపీ. అనుకున్న మొత్తం రాకపోతే అదే రాయండి. తక్కువ వచ్చిందని రాసిన కాగితం మీద నమ్మకం పెరగడం నేను చూశాను. ఆలస్యంగా వచ్చిన గొప్ప లెక్క మీద మాత్రం అనుమానమే. వచ్చినదాంట్లో కొంత సంగీత కార్యక్రమాలకు ఉంచుకోవాలనుకుంటే ఆ వాటా టికెట్ అమ్మకముందే చెప్పి ఉండాలి. తర్వాత చెబితే అది మోసమే.

ఆ తర్వాత: ప్రతి నెలా

రెండో కార్యక్రమం నాలుగు వారాల్లోపు జరగాలి. ఒకే చోట, ఒకే రోజు పెట్టండి. ఉదాహరణకు ప్రతి నెలా రెండో శనివారం. జనం పోస్టరు చూడకుండానే గుర్తుంచుకోవాలి. స్టేజీ వద్దు, నేల మీద చాప చాలు, రెండు మైకులు చాలు. పేరు ఇచ్చిన ఎవరికైనా పది నిమిషాలు. ఒక్కటే నియమం, పాడినవాళ్ళు మిగతావాళ్ళ పాట అయ్యేదాకా కూర్చోవాలి.

నోటు పుస్తకంలోని చివరి గడి ఇప్పుడు తెరవండి. చోటు లేక మానేసినవాళ్ళుంటే, సాయంత్రాలు ఖాళీగా ఉండే బడి గది తాళం వారానికి రెండు గంటలు అడగండి. వాద్యం లేక మానేసినవాళ్ళుంటే, అటకల మీద దుమ్ము పట్టిన వాద్యాలు సేకరించి, బాగుచేయించి, పుస్తకంలో రాసుకుని అరువివ్వండి. పెద్దవాళ్ళకు వచ్చి పిల్లలకు రాని పాటలుంటే ఫోన్‌లోనే రికార్డు చేయండి, పాడినవారి అనుమతితో, పేరుతో. సౌండ్ ఇంజనీర్ పక్కన కూర్చున్న అమ్మాయికి ఈ చిన్న కార్యక్రమం మిక్సర్ అప్పగించండి. తప్పు చేస్తే చేయనివ్వండి, కీచుమంటే అందరూ నవ్వుతారు, అంతే.

గొడవలూ వస్తాయి. ఎప్పుడూ అదే పదిమంది పాడుతున్నారని కొత్తవాళ్ళు గొణుగుతారు, అది చాలాసార్లు నిజమే. ప్రతి నెలా మొదటి రెండు చోట్లు ఇంతవరకు అక్కడ పాడనివాళ్ళకే ఉంచండి. శాస్త్రీయంవాళ్ళు సినిమా పాటలవాళ్ళను, వాళ్ళు ర్యాప్ కుర్రవాళ్ళను తక్కువగా చూస్తారు, దీనికి వాదన మందు కాదు, జతగా ఒక అంశం చేయించడమే. నడిపే బాధ్యత ఆరు నెలలకోసారి చేతులు మారాలి, లేకపోతే అది ఒకరి సొంత కార్యక్రమం అయిపోతుంది. ఎంతమంది విన్నారో లెక్కపెట్టకండి. ఈ నెల మొదటిసారి ఎవరు పాడారో, పోయిన నెల కలిసినవాళ్ళలో ఎవరు కలిసి వాయించారో రాసుకోండి.

మూడో నెలలో జనం తగ్గుతారు. ఇది దాదాపు ఎప్పుడూ జరుగుతుంది. కచేరీ వేడి చల్లారుతుంది, వాన పడుతుంది, ఇద్దరికి జలుబు చేస్తుంది. ఆ సాయంత్రం రద్దు చేయకండి, తలుపు సమయానికి తెరవండి. కుర్చీలు మాత్రం పన్నెండే వేయండి. ఎవరైనా ఎక్కువ వస్తే అప్పుడు లోపల్నుంచి ఇంకొకటి తెచ్చి వేద్దురుగాని.